బుర్రలో తవ్విన కాలువలు

ఇంగ్లండ్ మధ్యలో స్టాఫర్డ్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అక్కడ లీక్ అనే చిన్న ఊరికి దగ్గర్లో డీప్ హేస్ పార్కు నుంచి బయల్దేరి, కాల్డన్ కాలువ గట్టు వెంట నడిచి, చుట్టూ తిరిగి మళ్లీ పార్కుకే వచ్చేసే ఒక దారి ఉంది. పక్కనే చర్నెట్ నది లోయ. మధ్యలో హేజిల్‌హర్స్ట్ అనే చోట కాలువ రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ మూడు లాకుల గుండా మెట్లు దిగినట్టు కిందికి దిగిపోతుంది. లీక్ ఊరికి వెళ్లే పాయ మాత్రం పైనే ఉండి, కాస్త దూరం పోయాక ఒక వంతెన మీదుగా ఆ కింది పాయని దాటుతుంది. అంటే కాలువ మీద కాలువ. ఒక పాయ గట్టు మీద వెళ్లి, ఇంకో పాయ గట్టు మీద తిరిగి రావచ్చు. ఇప్పుడక్కడ సెలవులకి వచ్చినవాళ్లు రంగురంగుల పడవల్లో తిరుగుతుంటారు.

ఒకప్పుడు ఆ నీళ్ల మీద సున్నపురాయి పోయేది. ఆ కాలువ ఎటు నుంచి ఎటు వెళ్లాలో చూడ్డానికి 1772లో ఒక 56 ఏళ్ల మనిషి ఆ కొండల్లో తిరుగుతూ వానలో తడిసిపోయాడు. ఇంటికి చేరాడు కానీ మళ్లీ కోలుకోలేదు. ఆయన పేరు జేమ్స్ బ్రిండ్లీ. ఇంగ్లండ్‌లో కాలువల గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు ఇదే. మన సివిల్ బ్రాంచ్ వాళ్లు కూడా విని ఉండకపోవచ్చు.

ఆయన గురించి ఎక్కడ చదివినా ముందు ఒక మాట కనిపిస్తుంది, చదువు రానివాడు అని. ఇది సగమే నిజం. బ్రిండ్లీ రాసుకున్న డైరీలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. స్పెల్లింగ్ మాత్రం చెవికి ఎలా వినిపిస్తే అలా పెట్టేసేవాడు. లెక్కలు కాగితం మీద వరసగా వేసే అలవాటు లేదు, డ్రాయింగులు గీసేవాడు కాదు. ఒక నీటి చక్రం కట్టాలన్నా, 90 మైళ్ల కాలువ తవ్వాలన్నా మొత్తం తలలోనే. పెద్ద సమస్య వస్తే ఇంటికెళ్లి మంచం మీద పడుకునేవాడట, ఒక్కోసారి రెండు మూడు రోజులు. లేచేసరికి అంతా తేలిపోయి ఉండేది. ఇక నేరుగా పనిలోకి దిగడమే.

(మనలో చాలామంది ప్రాజెక్ట్ రివ్యూకి ముందు మొదటి సగం కరెక్టుగా పాటిస్తారు. రెండో సగం దగ్గరే తేడా వస్తుంది.)

1716లో డెర్బీషైర్ కొండల్లో, బక్స్‌టన్ దగ్గర టన్‌స్టెడ్ అనే పల్లెలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. బడి లేదు. అమ్మ నేర్పినదే చదువు. తర్వాత కుటుంబం లీక్ దగ్గరికి మారింది. 17 ఏళ్లప్పుడు, 1733లో, మాకిల్స్‌ఫీల్డ్ దగ్గర సటన్‌లో అబ్రహాం బెన్నెట్ అనే మిల్లు మేస్త్రి దగ్గర ఏడేళ్ల పనికి కుదిరాడు. ఆ రోజుల్లో మిల్లు మేస్త్రి అంటే నీటి చక్రాలు, పళ్ల చక్రాలు, ఇరుసులు అన్నీ చేసి బిగించేవాడు. అప్పటికి మెకానికల్ ఇంజనీర్ అనే పేరు పుట్టలేదు, పని మాత్రం అదే.

మొదట్లో కుర్రాడికి చేతకాదని అందరూ తేల్చేశారు. పనివాళ్లు సరిగా చెప్పేవారు కాదు, యజమానికి తాగుడు. చూసి నేర్చుకోవాలి, తప్పు చేసి నేర్చుకోవాలి.

ఆ సమయంలో జరిగినదని చెప్పుకునే కథ ఒకటి ఉంది. బెన్నెట్ ఒక కాగితం మిల్లు కట్టడానికి ఒప్పుకున్నాడు. అలాంటిది అంతకుముందు ఎప్పుడూ కట్టలేదు. మాంచెస్టర్ దగ్గర స్మెడ్లీలో ఒక కాగితం మిల్లు ఉంటే వెళ్లి చూసొచ్చాడు గానీ, చూసినదేమీ బుర్రకెక్కలేదు. పని తప్పులతడకగా నడుస్తోంది. డబ్బు వృథా అయిపోతోందని ఊళ్లో గుసగుసలు. ఒక శనివారం సాయంత్రం పని అయ్యాక బ్రిండ్లీ ఎవరికీ చెప్పకుండా మాయమయ్యాడు. సుమారు 25 మైళ్లు నడిచి స్మెడ్లీ చేరాడు. ఆదివారం ఆ మిల్లు లోపలంతా కళ్లతోనే కొలుచుకున్నాడు. మళ్లీ 25 మైళ్లు వెనక్కి నడిచాడు. సోమవారం పొద్దున్న సటన్‌లో పనికి హాజరు. చేతిలో ఒక్క కాగితం లేదు. ఏ ముక్క ఎక్కడ తప్పుగా ఉందో, దాన్ని ఎలా మార్చాలో చెప్పి మిల్లు పూర్తి చేయించాడు.

కథలో కొంత ఉప్పూకారం కలిసి ఉండొచ్చు. అయినా నమ్మబుద్ధేస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత ఆయన జీవితమంతా ఇలాగే నడిచింది. నడవడం, చూడడం, తలలో దాచుకోవడం.

1742లో లీక్‌లో సొంత పని మొదలుపెట్టాడు. అక్కడ ఆయన కట్టిన ధాన్యం మిల్లు ఒకటి ఇప్పుడు మ్యూజియంగా ఉంది. చుట్టుపక్కల వాళ్లు ఆయనకి స్కీమర్ అని పేరు పెట్టారు. ఎప్పుడూ ఏదో ఒక ఉపాయం పన్నుతుంటాడని. 1750లలో మాంచెస్టర్ దగ్గర వెట్ ఎర్త్ అనే బొగ్గుగని నీటితో మునిగిపోతుంటే ఈయన్ని పిలిచారు. ఇర్వెల్ నది నీటిని కొండ గుండా సొరంగంలో తీసుకొచ్చి, ఆ నది కిందుగానే అటువైపుకి దాటించి, ఆ నీటితో చక్రం తిప్పించి, గనిలోని నీటిని పైకి తోడించాడు. నీటితో నీటిని తీసేశాడన్నమాట. నాలుగేళ్లు పట్టింది గానీ గని బతికింది.

1759లో అసలు మలుపు వచ్చింది. బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్‌కి అప్పుడు 23 ఏళ్లు. వర్స్‌లీలో ఆయనకి బొగ్గు గనులున్నాయి. కొన్ని మైళ్ల దూరంలో మాంచెస్టర్ ఉంది. మధ్యలో రోడ్డు పరమ ఘోరం. గుర్రాల వీపు మీద బస్తాలు వేసి పంపాలి. బొగ్గు ఖరీదు కంటే మోత ఖరీదు ఎక్కువయ్యేది. డ్యూక్ కుర్రతనంలో ఫ్రాన్స్ వెళ్లి అక్కడి మిడి కాలువ చూసొచ్చాడు. అలాంటిది తనూ తవ్విస్తే? డ్యూక్ ఏజెంట్ జాన్ గిల్బర్ట్ ఒక ప్లాన్ వేశాడు. గనుల్లో ఊరే నీటినే కాలువలోకి మళ్లిస్తే గని ఎండుతుంది, కాలువ నిండుతుంది. ఒక చోట తలనొప్పి ఇంకో చోట మందు. ఆ పనిలోకి బ్రిండ్లీని తీసుకొచ్చింది గిల్బర్టే. పుస్తకాలన్నీ క్రెడిట్ బ్రిండ్లీకే ఇచ్చేస్తాయి. నాకైతే గిల్బర్ట్‌కి అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది.

బ్రిండ్లీ తెచ్చిన ఆలోచన ఏంటో అర్థం కావాలంటే లాకు గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోదావరి జిల్లాల ఫ్రెండ్స్ ఈ పేరా వదిలేయొచ్చు, ధవళేశ్వరం లాకులు మీకు తెలుసు. కాలువ ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకి మారే చోట రెండు జతల తలుపులతో ఒక గది కడతారు. పడవ లోపలికొచ్చాక తలుపులు మూసి, నీళ్లు బయటికి వదిలితే పడవ మెల్లగా దిగుతుంది, లోపలికి వదిలితే ఎక్కుతుంది. చాలా అందమైన ఏర్పాటు. కానీ పడవ దాటిన ప్రతిసారీ గదెడు నీళ్లు పై నుంచి కిందికి పోతాయి. రోజుకి వంద పడవలంటే వంద గదుల నీళ్లు. కొండ మీద అంత నీరు ఎక్కడినుంచి తెస్తారు? పైగా టైమూ పోతుంది, డబ్బూ పోతుంది.

అందుకని బ్రిండ్లీ వీలైనంతవరకు లాకులు లేకుండా చూసేవాడు. కొండ అడ్డొస్తే ఎక్కడు, చుట్టూ తిరుగుతాడు. లోయ వస్తే అంచు పట్టుకుని పోతాడు. నేల మీద ఒకే ఎత్తులో ఉన్న గీత ఎలా వంకర్లు పోతే కాలువా అలాగే పోతుంది. దూరం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. మనం గ్రాఫ్ అల్గారిథమ్స్‌లో అంచులకి వెయిట్ ఇచ్చి చూస్తాం కదా, ఆయన లాకుకి పెద్ద వెయిట్ ఇచ్చాడు, మైలుకి చిన్న వెయిట్ ఇచ్చాడు. డైక్‌స్ట్రా పుట్టడానికి ఇంకా 170 ఏళ్లు ఉంది.

వర్స్‌లీ కాలువలో ఒక్క చోట మాత్రం చుట్టూ తిరగడం కుదర్లేదు. బార్టన్ దగ్గర ఇర్వెల్ నది అడ్డం. నదిలోకి లాకులు దింపి, అవతల మళ్లీ ఎక్కించాలి. బ్రిండ్లీ ఆ గొడవే వద్దన్నాడు. కాలువనే వంతెన మీద ఎక్కించి, నదికి దాదాపు 39 అడుగుల పైనుంచి దాటిస్తానన్నాడు. వంతెన మీద రోడ్డు అందరూ చూశారు, వంతెన మీద నీళ్లు, ఆ నీళ్ల మీద పడవలు ఆ దేశంలో ఎవరూ చూడలేదు. పేరున్న ఇంకో ఇంజనీర్‌ని తెచ్చి అడిగితే ఆయన నవ్వి పారేశాడు.

ఇలాంటి కాలువకి పార్లమెంటు అనుమతి కావాలి. కమిటీ ముందు నిలబడి వివరించాలి. డ్రాయింగులు గీయని మనిషి ఏం చేస్తాడు? వంతెన ఎలా ఉంటుందో చూపించడానికి ఒక పెద్ద జున్నుముద్ద కొని, దాన్ని కమానుల ఆకారంలో కోసి చూపించాడని చెబుతారు. నీళ్లు కారిపోవా అంటే, బంకమట్టి తెప్పించి ఆ గదిలోనే తొట్టి చేశాడట. ముందు ఊరికే పిసికిన మట్టిలో నీళ్లు పోస్తే కారిపోయాయి. తర్వాత మట్టిలో నీళ్లు కలిపి బాగా తొక్కి, కోసి, మళ్లీ తొక్కి మెత్తటి ముద్ద చేసి పోస్తే చుక్క కారలేదు. మన ఊళ్లలో మట్టిగోడ పెట్టేముందు కాళ్లతో మట్టి తొక్కేవాళ్లు చూడండి, దాదాపు అదే పని. ఆ తొక్కిన బంకమట్టిని కాలువ అడుగునా పక్కలకీ పొరలుగా పరిస్తే తడి ఉన్నంతకాలం నీళ్లని పట్టి ఉంచుతుంది. బ్రిండ్లీ కాలువలన్నీ ఆ మట్టి మీదే నిలిచాయి.

బార్టన్ వంతెనకి మూడు కమానులు. మొదట నీళ్లు వదిలినప్పుడు ఒక కమాను ఉబ్బడం మొదలైంది. ఇక్కడ బ్రిండ్లీ మనకి తెలిసిన హీరోలా ప్రవర్తించలేదు. చూడలేక స్ట్రెట్‌ఫర్డ్‌లో ఒక సత్రానికి వెళ్లి మంచమెక్కాడు. గిల్బర్ట్ నిలబడి, కమాను మీద మట్టి తీయించి, బరువు సరిచేసి మళ్లీ వేయించాడు. 1761 జూలై 17న మొదటి పడవ నది మీదుగా దాటింది. మాంచెస్టర్‌లో బొగ్గు ధర సగానికి పడిపోయింది. ఆ వంతెన 1893 దాకా ఉంది. పెద్ద ఓడల కాలువ కోసం దాన్ని కూల్చి, పక్కకి తిరిగే కొత్త వంతెన పెట్టారు.

కాలువ నదిని దాటడం మనకి వింత కాదు. కోనసీమలో పి.గన్నవరం దగ్గర కాటన్ దొర కాలంలో 49 ఖానాల అక్విడెక్టు కట్టి, కాలువని వైనతేయ గోదావరి దాటించారు. బార్టన్ తర్వాత తొంభై ఏళ్లకి. ఆ పక్కనే ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది ఉంది. కాటన్ కాలువలు కూడా పొలాలకి మాత్రమే కాదు, పడవలకి కూడా. ఆయన చదువుకున్న ఇంగ్లండ్‌లో అప్పటికి బ్రిండ్లీ వేసిన దారి మామూలు విషయం అయిపోయింది.

బార్టన్ తర్వాత బ్రిండ్లీకి తీరిక లేదు. స్టాఫర్డ్‌షైర్‌లో కుండలు, పింగాణీ చేసేవాళ్లకి పెద్ద బెడద ఉండేది. గుర్రాల మీద పంపిన సరుకు గమ్యం చేరేసరికి సగం పెంకులే. వాళ్లలో జోసయ్య వెడ్జ్‌వుడ్ ముందుకొచ్చి, ట్రెంట్ నదినీ మెర్సీ నదినీ కలిపే 93 మైళ్ల కాలువకి పట్టుబట్టాడు. 1766 జూలైలో మొదటి పార మట్టి ఆయనే తీశాడు. ఇంజనీర్ బ్రిండ్లీ. అక్కడితో ఆగలేదు. సెవర్న్ నదికి ఒకటి, ఆక్స్‌ఫర్డ్ మీదుగా థేమ్స్‌కి ఒకటి, బర్మింగ్‌హామ్‌కి ఒకటి, కొవెంట్రీకి ఒకటి. నాలుగు పెద్ద నదుల్నీ దేశం మధ్యలో కలిపేయాలని ఆయన ప్లాన్. మొత్తం 360 మైళ్ల పైచిలుకు కాలువలు ఒక్క మనిషి నెత్తిన. రైలు లేదు, ఫోన్ లేదు. గుర్రం ఎక్కడం, వానలో కొండ ఎక్కడం, కొలవడం, ఇంకో ఊరికి పోవడం.

నదుల మీద ఆయనకి పెద్ద గౌరవం లేదు. వరద వస్తే ఒకలా, ఎండాకాలం ఒకలా ఉండే నదిని నమ్మేవాడు కాదు. నదులు ఉన్నదే కాలువలకి నీళ్లివ్వడానికి అని కమిటీ ముందే చెప్పేశాడని ప్రసిద్ధి. లండన్‌లో స్నేహితులు ఒకసారి బలవంతంగా నాటకానికి తీసుకెళ్లారు. అది చూసొచ్చాక కొన్ని రోజులపాటు తలలో లెక్కలు కుదరలేదట. ఇక జన్మలో నాటకం చూడనన్నాడు. అంత పని తలలో మోసేవాడికి ఖాళీ జాగా ఎంత తక్కువ ఉండేదో ఇక్కడ తెలుస్తుంది. మనం నవ్వుకుంటాం గానీ, నాకు ఇది చదివినప్పుడు కొంచెం భయమేసింది. కాగితం మీద పెడితే తల ఖాళీ అవుతుంది. ఆయనకి ఆ సదుపాయం లేదు.

1765లో, 49 ఏళ్ల వయసులో, 19 ఏళ్ల ఆన్ హెన్‌షాల్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. టర్న్‌హర్స్ట్‌లో కాపురం. ఇంట్లో ఎన్నాళ్లున్నాడో లెక్కేస్తే పెద్దగా ఉండకపోవచ్చు.

ఆ ఇంటికి దగ్గర్లోనే హేర్‌కాజిల్ కొండ. ట్రెంట్ మెర్సీ కాలువకి ఇది చుట్టూ తిరగడానికి వీల్లేని కొండ. అందుకని కడుపులోంచే తవ్వమన్నాడు, 2,880 గజాల సొరంగం. రెండున్నర కిలోమీటర్ల పైనే. అంత పొడవు కాలువ సొరంగం అప్పటికి ఆ దేశంలో లేదు. కొండ పైనుంచి బావుల్లా తవ్వి, అడుగుకి దిగి, రెండు వైపులకీ తవ్వుకుంటూ పోవాలి. ఒక చోట ఊబి ఇసుక, ఇంకో చోట పగలని రాయి, అన్ని చోట్లా నీరు. ఏళ్లు గడిచినా అవతలి వెలుతురు కనపడలేదు.

ఆ పని నడుస్తుండగానే 1772లో కాల్డన్ పాయ సర్వేకి వెళ్లాడు. వానలో తడిశాడు. ఇప్‌స్టోన్స్ అనే ఊళ్లో సత్రంలో తడి దుప్పట్ల పక్క మీద పడుకోబెట్టారని చెబుతారు. జ్వరంతో ఇంటికి చేరాడు. వైద్యం చేసింది ఎరాస్మస్ డార్విన్, మనకి తెలిసిన చార్లెస్ డార్విన్ తాతగారు. అప్పటికే బ్రిండ్లీకి షుగరు వ్యాధి ఉందని ఆయన కనిపెట్టాడు. ఏళ్ల తరబడి ఆ ఒంటితోనే కొండలెక్కాడన్నమాట. 1772 సెప్టెంబర్ 27న చనిపోయాడు. దగ్గర్లోని న్యూచాపెల్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ప్లాన్లన్నీ ఒక మనిషి తలలో ఉంటే, ఆ మనిషి పోతే? మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేదు, కామెంట్స్ లేవు, కోడ్ రాసినవాడు లేడు. కాలువలు సగం సగం తవ్వి ఉన్నాయి. అన్నీ ఆగిపోవాలి కదా. ఆగలేదు. బావమరిది హ్యూ హెన్‌షాల్ ట్రెంట్ మెర్సీ పని ఎత్తుకున్నాడు. శామ్యూల్ సిమ్‌కాక్, రాబర్ట్ విట్‌వర్త్ లాంటివాళ్లు మిగతావి చూశారు. వీళ్లంతా బ్రిండ్లీ వెంట తిరిగినవాళ్లే. విట్‌వర్త్ మంచి మ్యాపులు గీసేవాడు. గురువుకి రాని పని శిష్యుడికి వచ్చు. బ్రిండ్లీ రాయలేదు గానీ, పక్కన నిలబెట్టుకుని చూపించాడు. మట్టి ఎంత తొక్కాలో, కొండ అంచు ఎక్కడ పట్టుకోవాలో వాళ్ల చేతుల్లో ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కి కాలువ చేరేసరికి 1790 వచ్చింది. నాలుగు నదులూ కలిశాయి, ఆయన పోయిన 18 ఏళ్లకి.

అన్నీ కరెక్టుగా చేశాడని కాదు. ఆక్స్‌ఫర్డ్ కాలువ ఎన్ని మెలికలు తిరిగిందంటే, 1830ల నాటికి వంకర్లు కోసేసి దాదాపు 14 మైళ్లు తగ్గించాల్సి వచ్చింది. ఖర్చు తగ్గించడానికి ఆయన పెట్టిన ఏడడుగుల వెడల్పు లాకుల వల్ల మధ్య ఇంగ్లండ్ పడవలన్నీ సన్నగా, పొడుగ్గా అయిపోయాయి. తర్వాత పెద్ద పడవలు కావాలన్నా లాకు పట్టదు. ఒకసారి స్టాండర్డ్ పడిపోయాక మార్చడం ఎంత కష్టమో మన బ్రాంచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

హేర్‌కాజిల్ సొరంగం 1777లో హెన్‌షాల్ చేతుల మీదుగా పూర్తయింది, మొదలుపెట్టిన 11 ఏళ్లకి. తొమ్మిదడుగుల వెడల్పు, లోపల గట్టు లేదు. పడవ లాగే గుర్రం లోపలికి రాలేదు. అందుకని పడవవాళ్లు వెల్లకిలా పడుకుని, కాళ్లతో సొరంగం గోడని తన్నుతూ చీకట్లో పడవని నడిపేవారు, రెండు మూడు గంటలు. ఎదురుగా ఇంకో పడవ వస్తే దారి లేదు. చివరికి థామస్ టెల్‌ఫర్డ్ పక్కనే ఇంకో సొరంగం తవ్వించాడు. 1827కి, మూడేళ్లలో అయిపోయింది. బ్రిండ్లీ తర్వాత యాభై ఏళ్లలో ఇంజనీరింగ్ ఎంత ముందుకెళ్లిందో ఆ రెండు అంకెలు చాలు. బ్రిండ్లీ సొరంగాన్ని తర్వాతెప్పుడో నేల కుంగి మూసేశారు. దాని నోరు ఇప్పటికీ కిడ్స్‌గ్రోవ్‌లో టెల్‌ఫర్డ్ సొరంగం పక్కనే కనిపిస్తుంది. కొండలోని ఇనుము కలిసి అక్కడ కాలువ నీళ్లు నారింజ రంగులో ఉంటాయి.

మనుషులు కింద చీకట్లో గోడలు తన్నుతుంటే, విప్పేసిన గుర్రాల్ని ఎవరో ఒకరు కొండ మీదుగా అవతలికి నడిపించుకుపోయేవారు. పడవ బయటికొచ్చేదాకా అవి అక్కడ నిలబడి ఎదురుచూసేవి. ఆ కొండ మీది దారి ఇప్పటికీ ఉంది. పేరు బోట్‌హార్స్ రోడ్డు.